1,23,45,67,890 గురించి ఏం రాయాలి, ఏది ఎందుకు నిజం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో ఒక్కొక్కరికి ఒక్కో పెద్ద సంఖ్య ఇచ్చి, "దీని లక్షణాలు రాయండి, ఏయే రకాల్లోకి వస్తుందో వర్గీకరించండి" అని ప్రాజెక్టు ఇచ్చారు. మీ పాపకు 1,23,45,67,890 వచ్చింది. నెట్‌లో వెతికితే పొడవాటి జాబితా ఒకటి దొరికింది: సరి సంఖ్య, సంయుక్త సంఖ్య, అబండెంట్, హర్షద్, పాన్‌డిజిటల్, 48 కారణాంకాలు, ఇంకా ఏవేవో. అందులో ఏది ఎందుకు నిజమో మీకు గానీ పాపకు గానీ అర్థం కాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇద్దరు ట్యూషన్ మాస్టర్లను అడిగితే "కాపీ చేసి ఇచ్చేయండి, మార్కులు వస్తాయి" అన్నారు. చేత్తో చేయగలిగేది ఏమైనా ఉందా అని మీ ప్రశ్న.

ఉంది. దాదాపు అంతా చేత్తోనే అవుతుంది, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. నేను చాలా ఏళ్లుగా నల్లకుంటలో హైస్కూల్ పిల్లలకు ఒలింపియాడ్ లెక్కలు చెబుతున్నాను. ఈ సంఖ్యను తరచూ బోర్డు మీద పెడుతుంటాను. చూడటానికి ఫోన్ కీప్యాడ్ వరసలా ఉంటుంది గానీ లోపల చాలా సరుకుంది. దయచేసి కాపీ చేయించకండి.

మొదలుపెట్టే ముందు పాపకు ఒక్క తేడా చెప్పండి. ఆ జాబితాలో రెండు రకాల లక్షణాలు కలగాపులగంగా ఉన్నాయి. కొన్ని ఆ సంఖ్యకు సొంతం: సరి సంఖ్య కావడం, 48 కారణాంకాలు ఉండటం లాంటివి. మనం దాన్ని ఏ పద్ధతిలో రాసినా అవి మారవు. మిగతావి మనం దాన్ని పది అంకెలతో, దశాంశ పద్ధతిలో రాస్తున్నాం కాబట్టి వచ్చినవి. ఒకే మనిషి పెళ్లికి పట్టుపంచె కట్టుకుని, ఆఫీసుకు ప్యాంటు వేసుకుని వెళ్లినట్టు, సంఖ్య ఒకటే, వేషం వేరు. ప్రాజెక్టులో ఈ రెండు రకాలనూ విడివిడి పేజీల్లో పెడితే, టీచర్ అడిగిన వర్గీకరణ సగం అక్కడే అయిపోతుంది.

ముందు సొంత లక్షణాలు. వీటన్నిటికీ తాళంచెవి ఒక్కటే, ప్రధాన కారణాంకాల లబ్ధం. ఒకటి కన్నా పెద్దదైన ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే ఒక్క విధంగా రాయగలం అనే అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం పదో తరగతి పుస్తకంలో వస్తుంది. పాప ఒక ఏడాది ముందే దాన్ని వాడుకోబోతోంది, మంచిదే.

చివర సున్నా ఉంది కాబట్టి 10 పోతుంది. 12,34,56,789 మిగులుతుంది. దీని అంకెల మొత్తం 45, అంటే 9తో భాగించబడుతుంది. భాగిస్తే 1,37,17,421. ఇక్కడిదాకా ఎవరైనా వస్తారు. అసలు పని ఇక్కడ మొదలవుతుంది.

1,37,17,421 అంకెల మొత్తం 26, కాబట్టి ఇక 3 పోదు. 7, 11, 13 మూడింటినీ ఒకేసారి చూసే చిట్కా ఒకటుంది. 7 × 11 × 13 = 1001 కాబట్టి, కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి ఒకటి విడిచి ఒకటి కూడి, తీసివేస్తే చాలు. 421 − 717 + 13 = −283. ఈ 283లో 7 పోదు, 11 పోదు, 13 పోదు. కాబట్టి మన సంఖ్యలోనూ పోవు. తర్వాత 17, 19, 23… ఇలా వెళ్తూ ఉంటే ఎక్కడ ఆగుతాం? వర్గమూలం దాకా, అంటే సుమారు 3,703 దాకా చూడాలి. అక్కడిదాకా ఐదు వందలకు పైగా ప్రధాన సంఖ్యలున్నాయి. పిల్లలు ఇక్కడే విసిగిపోయి కాలిక్యులేటర్ అందుకుంటారు. అందుకోనివ్వకండి.

పదిహేడో శతాబ్దపు ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫెర్మా పద్ధతి ఒకటుంది. ఒక బేసి సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయగలిగితే కారణాంకాలు చేతికొచ్చినట్టే. తొమ్మిదో తరగతిలో చదివే సర్వసమీకరణమే ఇది: రెండు వర్గాల తేడా అంటే, ఆ రెండు సంఖ్యల మొత్తాన్ని వాటి తేడాతో గుణించినట్టు. వర్గమూలానికి కాస్త పైనుంచి మొదలుపెట్టి, ఒక్కో సంఖ్య వర్గంలోంచి మన సంఖ్యను తీసివేసి, మిగిలింది వర్గమేనా అని చూస్తూ పోవాలి.

3703 వర్గం మన సంఖ్య కన్నా తక్కువ, కాబట్టి 3704తో మొదలుపెట్టాలి. 3704 వర్గం 1,37,19,616. ఇందులోంచి 1,37,17,421 తీస్తే 2,195. 46 వర్గం 2,116, 47 వర్గం 2,209. కాబట్టి ఇది వర్గం కాదు. తర్వాత 3705. దాని వర్గం 1,37,27,025. తీసివేస్తే 9,604. ఇది 98 వర్గం!

రెండో అడుగులోనే దొరికింది. 3705 − 98 = 3607, 3705 + 98 = 3803. అంటే 1,37,17,421 = 3607 × 3803. ఐదు వందల భాగహారాలు చేయాల్సిన చోట రెండు వర్గాలు, రెండు తీసివేతలు. బోర్డు మీద ఇది చేసినప్పుడు పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. ఆ రెండు వరసలనూ ప్రాజెక్టులో పెద్ద అక్షరాలతో రాయించండి. ఫెర్మా 1643 ప్రాంతంలో ఈ పద్ధతితోనే 2,02,76,51,281 అనే సంఖ్యను 44,021 × 46,061గా విడగొట్టాడు, అది కూడా అంతా చేత్తోనే.

ఇంత తొందరగా ఎందుకు దొరికింది? రెండు కారణాంకాలూ దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి. అవి దూరంగా ఉంటే ఫెర్మా పద్ధతి నత్తనడక నడుస్తుంది. ఇంటర్నెట్‌లో రహస్యాలు కాపాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని తాళంగా వాడతారు. ఆ రెండూ మరీ దగ్గరగా ఉండకూడదనే జాగ్రత్త ఈ కారణంగానే. గచ్చిబౌలిలో సెక్యూరిటీ పని చేసే బంధువులెవరైనా ఉంటే పాపను అడగమనండి, సంతోషంగా చెబుతారు.

3607, 3803 ప్రధానాలేనా అన్నది ఇంకా మిగిలింది. మొదటిదానికి 59 దాకా, రెండోదానికి 61 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. ఇది మాత్రం ఓపికగా చేయాల్సిందే, అడ్డదారి లేదు. 41 × 88 = 3608 అని తేలి, ఒక్కటి తేడాతో 3607 తప్పించుకున్న చోట పిల్లలు ఎప్పుడూ ఆగి మళ్లీ చూసుకుంటారు. ఏదీ పోదు, రెండూ ప్రధానాలే. ఒక సంఖ్య ప్రధానమా కాదా అన్నది, ఎంత పెద్దదైనా, కంప్యూటర్‌తో త్వరగా, కచ్చితంగా తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగర్వాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా చూపించారు. కారణాంకాలుగా విడగొట్టడం మాత్రం మామూలు కంప్యూటర్లకు ఇప్పటికీ కష్టమైన పనే.

మొత్తానికి: 1,23,45,67,890 = 2 × 3 × 3 × 5 × 3607 × 3803.

ఇక జాబితాలోని సంగతులు ఒక్కొక్కటే దీన్నుంచి రాలిపడతాయి. కారణాంకాల సంఖ్య చూడండి. 2ను తీసుకోవచ్చు, మానేయవచ్చు, రెండు దారులు. 3ను సున్నా, ఒకటి, రెండుసార్లు, మూడు దారులు. 5, 3607, 3803లకు రెండేసి దారులు. 2 × 3 × 2 × 2 × 2 = 48. అంతే, మాయ ఏమీ లేదు. ఇంత పెద్ద సంఖ్యకు 48 చాలా తక్కువ. దీనికన్నా చిన్నదైన 1,10,27,01,600కు ఏకంగా 1,440 కారణాంకాలున్నాయి. తనకన్నా చిన్న సంఖ్యలన్నిటికంటే ఎక్కువ కారణాంకాలున్న ఇలాంటి సంఖ్యల మీద రామానుజన్ 1915లో ఒక పెద్ద పరిశోధనా పత్రమే ప్రచురించారు. వాటి పక్కన మన సంఖ్య పేదదే, ఎందుకంటే దాని బరువంతా రెండు పెద్ద ప్రధానాల్లోనే ఉంది.

అబండెంట్ అంటే, తనను మినహాయించి మిగతా కారణాంకాలన్నీ కూడితే తనకన్నా ఎక్కువ రావడం. 48 కారణాంకాల మొత్తం 3 × 13 × 6 × 3608 × 3804 = 3,21,16,10,688. ఇందులో ఒక్కో గుణకం ఎలా వచ్చిందో పాప చెప్పగలగాలి: 1+2, 1+3+9, 1+5, 1+3607, 1+3803. ఇందులోంచి సంఖ్యను తీసేస్తే 1,97,70,42,798, అసలు సంఖ్య కన్నా ఎక్కువ. నాకు నచ్చే దారి మాత్రం ఇంకొకటి. సంఖ్యలో 6 పోతుంది కాబట్టి సగం, మూడో వంతు, ఆరో వంతు మూడూ కారణాంకాలే. 61,72,83,945 + 41,15,22,630 + 20,57,61,315 సరిగ్గా 1,23,45,67,890. అంటే మూడు కారణాంకాలతోనే సంఖ్య నిండిపోయింది, మిగతా 44 ఉండనే ఉన్నాయి. 6 కన్నా పెద్దదైన ఏ 6 గుణిజానికైనా ఇదే జరుగుతుంది. అంత పెద్ద గుణకారం చేయకుండానే అబండెంట్ అని రుజువైంది.

ఇది వర్గ సంఖ్య కాదు, చివర ఒకే సున్నా ఉంది కాబట్టి. ఘనం కూడా కాదు, అదే కారణం. రెండు వర్గాల మొత్తం కూడా కాదు. 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రధాన కారణాంకాలు ఏవైనా సరిసార్లు వస్తేనే అది కుదురుతుంది. ఇక్కడ 3607, 3803 రెండూ అలాంటివే, రెండూ ఒక్కోసారే ఉన్నాయి. రెండు వర్గాల తేడా కూడా కాదు. వర్గాన్ని 4తో భాగిస్తే శేషం 0 గానీ 1 గానీ వస్తుంది, కాబట్టి రెండు వర్గాల తేడాకు శేషం 2 ఎప్పుడూ రాదు. మన సంఖ్య చివర 90, అంటే శేషం 2. ఫెర్మా పద్ధతిని 2 పూర్తిగా పోయాక, బేసి సంఖ్య మీదే వాడింది అందుకే. త్రిభుజ సంఖ్య (1 + 2 + 3 + … అని వరసగా కూడితే వచ్చేది) అవుతుందా అని చూడాలంటే 8తో గుణించి 1 కలిపి, వర్గమేమో చూడాలి. 9,87,65,43,121 వస్తుంది. అది 99,380, 99,381 వర్గాల మధ్య ఇరుక్కుంటుంది, కాబట్టి కాదు.

పక్కింటి 1,23,45,67,891 ప్రధాన సంఖ్య. ఇది ఒక వాక్యంలో రాసి వదిలేయండి. చేత్తో రుజువు చేయాలంటే 35,136 దాకా భాగించుకుంటూ పోవాలి, పాపను అంత కష్టపెట్టొద్దు.

ఇప్పుడు వేషం సంగతులు, అంటే అంకెల వల్ల వచ్చినవి. పాన్‌డిజిటల్ అంటే 0 నుంచి 9 దాకా అన్ని అంకెలూ ఉండటం. అన్నీ ఒక్కోసారే వచ్చే పదంకెల సంఖ్యలు 32,65,920 ఉన్నాయి, మొదట్లో సున్నా రాకూడదు కాబట్టి 9 × 9 × 8 × 7 × … × 1. వీటన్నిటికీ అంకెల మొత్తం 45, కాబట్టి అన్నిట్లోనూ 9 పోతుంది, ఒక్కటీ ప్రధానం కాదు. చాలామంది అనుకున్నట్టు మనది వీటిలో అతి చిన్నది కాదు, అది 1,02,34,56,789.

పాప ప్రాజెక్టుకు అసలు అందం ఇక్కడుంది. సంఖ్యను 2తో గుణించమనండి: 2,46,91,35,780. మళ్లీ పది అంకెలూ ఉన్నాయి. 4తో: 4,93,82,71,560. 5తో: 6,17,28,39,450. 7తో: 8,64,19,75,230. 8తో: 9,87,65,43,120. ప్రతిసారీ పదీ ఉన్నాయి, ఒక్కటీ రెండోసారి రాలేదు. ఇక 3తో గుణించండి: 3,70,37,03,670. అంతా చెదిరిపోయింది. 6తో: 7,40,74,07,340. అదీ అంతే.

దీనికి కారణం 81. ఒకటిని 81తో భాగిస్తే 0.012345679012345679… అని తొమ్మిదంకెల చక్రం తిరుగుతుంది. పదివేల కోట్లను 81తో భాగిస్తే వచ్చేదానికి మన సంఖ్య 11 పైచిలుకు మాత్రమే తక్కువ. 2, 4, 5, 7, 8లను 81తో భాగించినా తొమ్మిదంకెల చక్రాలే వస్తాయి. ఒక్కోదానిలో ఒక్కో అంకె తప్ప మిగతావన్నీ ఒక్కోసారి ఉంటాయి. 3ను 81తో భాగిస్తే మాత్రం అది 27లో ఒక వంతు, దాని చక్రం 037 అని మూడంకెలే. అందుకే 370370 అని అవే అంకెలు తిరిగి తిరిగి వచ్చాయి. కాగితం మీద 81తో భాగహారం చేసి, ఏయే శేషాలు వస్తున్నాయో రాసుకోమనండి. తొమ్మిది శేషాలు వస్తాయి, వాటిని 9తో భాగిస్తే ప్రతిసారీ శేషం 1 మిగులుతుంది. ఇది తనే కనిపెట్టాలి, ముందే చెప్పకండి.

ఇలాంటి అంకెల అందాలు మన దగ్గర పాతవే. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణిత సార సంగ్రహంలో 1,23,45,679 × 9 = 11,11,11,111, 2,79,94,681 × 441 = 12,34,56,54,321 లాంటి గుణకారాలను కంఠాభరణాల్లా కూర్చాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగు పిల్ల చేస్తున్న ప్రాజెక్టులో మల్లన పేరు ఉండాలని నా కోరిక.

హర్షద్ సంఖ్య అంటే తన అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగించబడేది. ఆ పేరు పెట్టింది దేవలాలిలో స్కూలు టీచర్‌గా పనిచేసిన కాప్రేకర్. మన సంఖ్య అంకెల మొత్తం 45. 5, 9 రెండూ పోతాయి కాబట్టి 45 పోతుంది, హర్షదే. ఇప్పుడు అదే సంఖ్యను కంప్యూటర్ రాసుకున్నట్టు ఒకట్లు, సున్నాలతో రాయండి: 1001001100101100000001011010010. ఇందులో ఒకట్లు 12. సంఖ్యలో 4 పోదు కాబట్టి 12 కూడా పోదు. అంటే ఆ రాతలో ఇది హర్షద్ కాదు. సంఖ్య మారలేదు, రాత మారింది, బిరుదు పోయింది. మొదట్లో చెప్పిన తేడాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

హ్యాపీ నంబర్ (అంకెల వర్గాలు పదేపదే కూడుతూ పోతే చివరికి 1కి చేరేది) అవునా అంటే కాదు. అంకెల వర్గాలు కూడుతూ పోతే 285, 93, 90, 81, 65, 61, 37 అని వెళ్లి, 37, 58, 89, 145, 42, 20, 4, 16 అనే చక్రంలో చిక్కుకుంటుంది, 1కి ఎప్పటికీ చేరదు. పది అంకెలూ ఒక్కోసారి వచ్చే అన్ని సంఖ్యలదీ ఇదే గతి, ఎందుకంటే మొదటి అడుగులో అన్నీ 285కే వస్తాయి.

ఒక పేజీ కంప్యూటర్లకు ఇవ్వొచ్చు. చాలా కంప్యూటర్లు 1970 జనవరి 1 అర్ధరాత్రి (గ్రీనిచ్ సమయం) నుంచి సెకన్లు లెక్కపెడతాయి. ఆ లెక్క సరిగ్గా 1,23,45,67,890కి చేరినప్పుడు హైదరాబాద్‌లో 2009 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున 5 గంటల 1 నిమిషం 30 సెకన్లు. ఆ లెక్కను 32 బిట్లలో దాచుకునే యంత్రాల్లో పట్టే గరిష్ఠ సంఖ్య 2,14,74,83,647. ఇది ప్రధాన సంఖ్య అని 1772లో ఆయిలర్ తేల్చాడు. మన సంఖ్య అందులో హాయిగా ఇముడుతుంది. మన మొబైల్ నంబర్లు మాత్రం 6, 7, 8, 9లతో మొదలవుతాయి కాబట్టి ఒక్కటీ ఇమడదు. 2038 జనవరి 19 ఉదయం, మన టైం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ గరిష్ఠం నిండుతుంది. పాప ఈ కాలాల్ని 86,400తో (రోజుకు ఉండే సెకన్లతో) భాగించి తనే సరిచూడగలదు.

వదిలేయాల్సినవి: అక్షరాల్లో రాస్తే ఎన్ని అక్షరాలు, రోమన్ అంకెల్లో ఎలా ఉంటుంది, అదృష్ట సంఖ్యా కాదా లాంటివన్నీ. వాటి వెనక చెప్పడానికి కారణం లేదు. 2010 ఆగస్టులో మన హైదరాబాద్‌లోని హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలో అంతర్జాతీయ గణిత మహాసభ జరిగింది, మన దేశంలో అదే మొదటిసారి. అక్కడ గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ అందుకున్న నలుగురిలో ఎలాన్ లిండెన్‌స్ట్రాస్, ఎన్గో బావో చౌల పని సంఖ్యాశాస్త్రంతో ముడిపడిందే. టీచర్ "దీనివల్ల ఏంటి ఉపయోగం" అని అడిగితే పాప ఆర్‌ఎస్‌ఏ గురించి చెప్పొచ్చు, ఈ సభ గురించీ చెప్పొచ్చు.

ఇదంతా అయ్యాక ఇంకా ఉత్సాహం ఉంటే 98,76,54,321 తీసుకోమనండి. 9 తీసేస్తే 10,97,39,369 మిగులుతుంది. అందులో 17 రెండుసార్లు పోతుంది, 3,79,721 మిగులుతుంది. ఇక్కడ ఫెర్మా పద్ధతి పెడితే ఎంతకీ తెగదు. ఎందుకు తెగదో ఊహించి, 616 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి ఆ ఊహ సరైనదో కాదో చూసుకోమనండి. ఎక్కడైనా ఆగిపోతే ఆ వరస ఇక్కడే రాయండి, చూస్తాను.